గంట కొట్టేవాళ్లు లేనప్పుడు

ఇంటర్మీడియెట్‌లో 1000కి 950 దాటిన అబ్బాయి, బీటెక్ రెండో సంవత్సరం వచ్చేసరికి నాలుగు బ్యాక్‌లాగ్‌లతో ఇంటికొస్తాడు. చుట్టాలంతా ఒకటే మాట అంటారు: "హాస్టల్లో చేరాక చెడిపోయాడు." ఫోన్ చెడగొట్టిందని నాన్న, స్నేహితులు చెడగొట్టారని అమ్మ. ఆ అబ్బాయికి మాత్రం తనకేమైందో అంతుపట్టదు. రోజూ చదవాలనే కూర్చున్నాడు. పుస్తకం తెరిచాడు కూడా. రాత్రి పదకొండైనా అదే పేజీ. మధ్యలో నీళ్లు తాగాడు, టేబుల్ సర్దాడు, ఫోన్‌లో ఏదో చూసుకున్నాడు, రేపు ఉదయం ఐదింటికి లేచి చదవాలని గట్టిగా అనుకుని పడుకున్నాడు. అలా అనుకోవడం అతనికి కొత్తేమీ కాదు.

ఇలాంటి పిల్లలందరికీ ఏడీహెచ్‌డీ ఉందని నేననను. కొందరిది డిప్రెషన్. కొందరికి ఆ కోర్సే పడదు. కానీ వాళ్లలో కొందరికి ఏడీహెచ్‌డీ ఉంటుంది, అది ఉందని ఎవరూ చెప్పకపోవడం వల్ల ఏళ్ల తరబడి తమను తామే తిట్టుకుంటూ బతుకుతారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం.

ఇంటర్‌లో మార్కులెలా వచ్చాయో ముందు చూద్దాం. రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున గంట కొట్టి లేపారు. స్టడీ అవర్‌లో లెక్చరర్ వరసల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. వారం వారం టెస్టు పెట్టారు. తప్పిన లెక్కను ఆ రోజే మళ్లీ చేయించారు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు కూర్చోవాలి, తర్వాత ఏది తీయాలి అన్నవి ఆ అబ్బాయి ఒక్కరోజు కూడా సొంతంగా తేల్చుకోలేదు. ఆ కాలేజీలు పిల్లల్ని పిండే తీరును నేను మెచ్చుకోవడం లేదు. ఆ రెండేళ్లలో ఎంతమంది పిల్లలు ఎంత నలిగిపోయారో మన ఊళ్లన్నిటికీ తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. అతని మెదడు చేయలేని పనిని అక్కడ గంట చేసింది. బీటెక్‌లో గంట కొట్టేవాళ్లు లేరు. పరీక్ష నాలుగు నెలల తర్వాత ఎక్కడో ఉంటుంది. ఈలోగా ఏం చదివావని అడిగేవాళ్లుండరు.

అలాంటి గంటను మీ జీవితంలో మీరే, మీకు నొప్పి కలగని విధంగా, ఏర్పాటు చేసుకోవాలి. ఏడీహెచ్‌డీతో బాగా బతకడం నేర్చుకున్న యువతీ యువకులు చేసేది దాదాపు ఇదే.

అసలిది ఏమిటి

అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్ (ఏడీహెచ్‌డీ) అన్నది సెల్‌ఫోన్లతో పుట్టిన జబ్బు కాదు. తెలివి మామూలుగానే ఉన్నా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు 1902లోనే వరుస ఉపన్యాసాలిచ్చాడు. పిల్లల్లో సుమారు 5 శాతం మందికి, పెద్దల్లో సుమారు 2.5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. పెంపకం లోపం వల్ల రాదు. స్వీట్లు ఎక్కువ తినడం వల్ల రాదు. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో వంశపారంపర్యం పాత్ర 70 నుంచి 80 శాతం దాకా తేలింది. అందుకే కొడుకును వెంటబెట్టుకొచ్చిన తండ్రి, డాక్టరు అడిగే ప్రశ్నలు వింటూ "ఇవన్నీ నాకూ ఉన్నాయి కదండీ" అనడం అరుదేమీ కాదు.

అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఫిలిప్ షా బృందం 2007లో పిల్లల మెదడు స్కాన్లను పోల్చి చూసింది. మెదడు పైపొర మందం ఎదిగి గరిష్ఠ స్థాయికి చేరే సగటు వయసు మామూలు పిల్లల్లో ఏడున్నర ఏళ్లయితే, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో పదిన్నర. ఎదుగుదల దారి అదే, ఆలస్యం మూడేళ్లు. ఎక్కువ ఆలస్యం కనిపించింది ముందుభాగంలో, అంటే మనల్ని మనం ఆపుకోవడానికి, ముందుచూపుతో పని నడుపుకోవడానికి ఆధారమైన చోట.

మరి మూడు గంటల సినిమా కదలకుండా చూస్తాడు కదా, క్రికెట్ స్కోర్లన్నీ గుర్తుంటాయి కదా అని అమ్మానాన్నలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ మెదడుకు ఏకాగ్రత లేకపోవడమనేది లేదు. దాన్ని కావలసిన చోటికి, కావలసిన వేళకు తిప్పడమే కష్టం. ఆసక్తి ఉన్నచోట, ఫలితం వెంటనే కనిపించేచోట అది దానంతటదే అతుక్కుంటుంది. అక్కడి నుంచి విడదీయడం కూడా అంతే కష్టం. అమెరికన్ మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ దశాబ్దాలుగా చెబుతున్న మాట ఒకటుంది: ఏం చేయాలో వీళ్లకు తెలుసు, తెలిసినదాన్ని ఆ క్షణంలో చేయడం దగ్గరే చిక్కు. ఇది అర్థమైతే బుద్ధులు చెప్పడం ఎందుకు పని చేయదో కూడా అర్థమవుతుంది. టైమ్‌టేబుల్ వేయమంటే ఆ అబ్బాయి రంగు పెన్నులతో అందంగా గీసి గోడకు అంటిస్తాడు. అందులో రాసిన ఆరు గంటలు గోడ మీద కాక టేబుల్ ముందు వచ్చినప్పుడు, ఆ టైమ్‌టేబుల్ గీసిన మెదడు సాయానికి రాదు. సాయం బయటి నుంచి, ఆ చోట, ఆ నిమిషంలో అందాలి.

డాక్టరు దగ్గరికి

రీల్స్ చూసి తేల్చుకోకండి. బండి తాళాలు అందరూ మర్చిపోతారు. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రకారం 17 ఏళ్లు నిండినవాళ్లలో, ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, దుడుకుతనం, నిలకడలేనితనాలకు సంబంధించిన తొమ్మిదింటిలో గానీ కనీసం ఐదు ఉండాలి. వాటిలో కొన్ని పన్నెండేళ్ల లోపే కనిపించి ఉండాలి. ఇంట్లోనూ బయటా రెండుచోట్లా ఉండాలి. వాటివల్ల జీవితం నిజంగా కుంటుపడాలి. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానూ లేదు. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్ కూడా ఇలాగే కనిపించగలవు కనుక సైకియాట్రిస్టు ఓపిగ్గా మాట్లాడి, వాటిని పక్కకు పెట్టి తేల్చాలి. ఐదు నిమిషాల్లో మందు రాసిచ్చే చోట ఆగకండి, ఇంకొకరికి చూపించుకోండి. వెళ్లేటప్పుడు అమ్మనో అక్కనో తీసుకెళ్లండి. మీ చిన్నప్పటి సంగతులు మీకన్నా వాళ్లకే బాగా గుర్తుంటాయి. ప్రైమరీ స్కూలు ప్రోగ్రెస్ కార్డులు దొరికితే అవీ పట్టుకెళ్లండి. "తెలివైనవాడు, కానీ కుదురు లేదు", "తెలిసిన లెక్కల్లోనే తప్పులు" అని ఏనాడో ఒక టీచరమ్మ ఎర్ర ఇంకుతో రాసిన వాక్యం డాక్టరుకు పనికొచ్చే సాక్ష్యం.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. బెంచీలెక్కి దూకే అబ్బాయిని స్కూలువాళ్లు ఎలాగో గుర్తిస్తారు. కిటికీ పక్కన నిశ్శబ్దంగా కూర్చుని, పాఠం జరుగుతుంటే మనసు ఇంకెక్కడో తిరిగే అమ్మాయి ఎవరికీ ఇబ్బంది కాదు కనుక ఎవరూ పట్టించుకోరు. "పరధ్యానం మనిషి" అని పేరు పెట్టి వదిలేస్తారు. ఆమె రాత్రుళ్లు మేలుకుని, అందరికన్నా రెట్టింపు కష్టపడి ఎలాగో నెట్టుకొస్తుంది. ఉద్యోగం, పెళ్లి, ఇల్లు ఒకేసారి మీదపడ్డాక ఇక నెట్టలేకపోతుంది. అప్పుడు కూడా ఆమెకు దొరికేది చాలాసార్లు ఆందోళనకు మందు మాత్రమే.

ఆలస్యంగా తెలిస్తే అంతా అయిపోయినట్టు కాదు. 'పుష్ప'లో షెకావత్‌గా మనకు బాగా తెలిసిన మలయాళ నటుడు ఫహాద్ ఫాజిల్, తనకు 41వ ఏట ఏడీహెచ్‌డీ ఉన్నట్టు తేలిందని 2024లో బహిరంగంగా చెప్పాడు.

డబ్బు లేదని ఆగిపోకండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. 18 ఏళ్ల లోపు పిల్లలకైతే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అది గుర్తించే 30 సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఒకటి. ఎక్కడికెళ్లాలో తోచకపోతే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బ్యాక్‌లాగ్‌లు, అప్పులు, తిట్లు కలిసి బతుకు మీద విరక్తి పుట్టే రోజు వస్తే, ఇంకేమీ ఆలోచించకుండా ముందు ఆ నంబరుకే చేయండి.

మందుల గురించి సూటిగా

మన దేశంలో దీనికి ఎక్కువగా వాడేవి మిథైల్‌ఫెనిడేట్, అటోమాక్సిటిన్. మొదటిది గంటలోపే పనిచేయడం మొదలుపెట్టి, మామూలు రకమైతే మూడు నాలుగు గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే రకమైతే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. రెండోది పూర్తి ఫలితం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, నాడి, బీపీ కొంచెం పెరగడం చూస్తాం. కనుక బరువు, బీపీ మధ్యమధ్య చూపించుకోవాలి. ఇంట్లో గుండెజబ్బులుంటే ముందే చెప్పాలి. మిథైల్‌ఫెనిడేట్‌కు చట్టపరమైన నియంత్రణ ఉంది కనుక చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని షాపుల్లోనూ దొరకదు. ఆ నియంత్రణ చూసి "మత్తు మందట" అని ఇంట్లో భయపడతారు. డాక్టరు రాసిన మోతాదులో, ఆయన చూస్తుండగా వాడితే భయపడాల్సింది లేదు. పరీక్ష ముందురోజు రూమ్మేటుకు ఒకటి ఇవ్వడం మాత్రం ప్రమాదమూ, నేరమూ.

మందు గొప్పగా పనిచేసిన రోజున కూడా అది చేసేది మిమ్మల్ని కూర్చోనివ్వడమే. ఏ పని ముందు కూర్చుంటారన్నది మీ చేతిలోనే ఉంటుంది. మందు వేసుకుని నాలుగు గంటలు ఏకాగ్రతతో ఫోన్ చూసినవాళ్లున్నారు.

ఇంకొక్క మాట, బండి నడిపే కుర్రాళ్లకు. స్వీడన్‌లో 17 వేల మందికి పైగా రోగుల రికార్డులతో 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఏడీహెచ్‌డీ ఉన్న మగవాళ్లు మందు వాడుతున్న కాలంలో, వాడని కాలంతో పోలిస్తే, తీవ్రమైన రోడ్డు ప్రమాదాల ముప్పు 58 శాతం తక్కువగా కనిపించింది. హెల్మెట్‌తో పాటు ఇది కూడా మీ ప్రాణానికి సంబంధించిన విషయమే.

మొదలుపెట్టడం

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. కండెన్సర్ బలహీనపడిన సీలింగ్ ఫ్యాన్‌ను చూసే ఉంటారు. స్విచ్ వేస్తే మూలుగుతుంది కానీ కదలదు. కర్రతో రెక్కను ఒక్కసారి తోస్తే రోజంతా తిరుగుతుంది. మీకు కావలసింది ఆ తోపు.

సోమవారం ల్యాబ్ రికార్డు ఇవ్వాలి, ఇంకా ఆరు ప్రయోగాలు రాయాలి అనుకోండి. "రికార్డు రాయాలి" అన్నది ఈ మెదడుకు పని కాదు, గుండె మీద బండ. మొదటి అడుగు ఎంత చిన్నదై ఉండాలంటే, ఒద్దనడానికి కూడా బద్ధకించాలి. సంచిలోంచి రికార్డు తీయండి. నాలుగో ప్రయోగం పేజీ తెరవండి. తేదీ వేయండి. పైన "ఎయిమ్" అని రాసి స్కేలుతో కింద గీత గీయండి. అంతవరకే మీ ఒప్పందం. గీత గీశాక లేచిపోవాలనిపిస్తే లేచిపోండి. చాలాసార్లు లేవరు, ఎందుకంటే కష్టమంతా ఆ గీత దాకానే ఉంది.

రెండో తోపు మనిషి. పక్కన ఇంకొకరు తమ పని తాము చేసుకుంటూ కూర్చుంటే మీ పని నడుస్తుంది. వాళ్లు మీకు పాఠం చెప్పక్కర్లేదు, కాపలా కాయక్కర్లేదు. లైబ్రరీలో ఎదురు కుర్చీలో క్లాస్‌మేట్ కావచ్చు, వీడియో కాల్‌లో మాటలు ఆపి తన లాప్‌టాప్ చూసుకునే చెల్లెలు కావచ్చు. ఇంట్లో అయితే అమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మీ టేబుల్ పక్కన కూర్చున్నా సరిపోతుంది. "ఇంత వయసొచ్చి ఇంకా పక్కన ఒకరు కూర్చోవాలా" అని సిగ్గుపడకండి. పని పూర్తయిందా లేదా అన్నదే లెక్క.

మూడోది, పనిని గడియారానికి కాకుండా మరో పనికి కట్టడం. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో ఈ పద్ధతి మీద రాసిన వ్యాసం పేరుపొందింది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు కూడా ఇది ఉపయోగపడుతుందని తర్వాతి అధ్యయనాలు చూపాయి. "టిఫిన్ తర్వాత చదువుతా" అనే మాటకు బలం లేదు. "మెస్‌లో ప్లేటు పెట్టగానే, గదికి వెళ్లకుండా, అటు నుంచి అటే లైబ్రరీ మెట్లెక్కుతా" అన్నదానికి ఉంది. గదికి వెళ్తే మంచం కనిపిస్తుంది. మంచం మీద ఫోన్ ఉంటుంది.

కాలం కనిపించాలి

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు కాలంలో రెండే భాగాలు: ఇప్పుడు, ఇప్పుడు కానిది. సప్లిమెంటరీ పరీక్ష ఫీజు చివరి తేదీ పదిహేను రోజుల దూరంలో ఉంటే అది "ఇప్పుడు కానిది". ఆ రోజు సాయంత్రం నాలుగింటికి హఠాత్తుగా "ఇప్పుడు" అవుతుంది, అప్పటికి కౌంటర్ మూసేస్తారు. తర్వాత ఆలస్య రుసుము, నాన్నకు ఫోన్, మళ్లీ అవే మాటలు.

ఫోన్‌లో దాగిన క్యాలెండర్ మీకు కనబడదు. తిథి వార నక్షత్రాలతో వచ్చే పెద్ద గళ్ల గోడ క్యాలెండర్ తెచ్చి, మంచం మీంచి కనిపించేలా తగిలించండి. ఫీజు తేదీని అసలు రోజుకు మూడు రోజుల ముందు గడిలో రాయండి. గదిలో ముళ్లున్న గడియారం పెట్టండి. పెద్ద ముల్లు కదిలిన మేర కళ్లకు కనిపిస్తే గడిచిన సమయం తెలుస్తుంది. పది నిమిషాల్లో తయారవుతానని మీరు ఎప్పుడూ నమ్ముతారు కదా, ఒకసారి స్నానం దగ్గర నుంచి గేటు దాటే వరకు కొలిచి చూడండి. వచ్చిన లెక్కను కాగితం మీద రాసి అద్దానికి అంటించండి. హాజరు విషయంలో ఇది ఆటలాడే సంగతి కాదు. జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం కావాలి. మెడికల్ కారణాలతో 65 దాకా మినహాయింపు అడగొచ్చు, అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పోయినట్టే.

"గుర్తుంచుకుంటాలే" అనే మాటను మీ నోటి నుంచి తీసేయండి. తాళాలకు తలుపు పక్కన ఒక మేకు, రేపు తీసుకెళ్లాల్సిన ఫారానికి చెప్పుల స్టాండు, రాసుకోవడానికి ఒకే ఒక్క నోటుపుస్తకం. ఈ ఏర్పాట్లు కూడా కొన్ని వారాలకు పాతబడి పనిచేయడం మానేస్తాయి. కొత్తదనం పోగానే ఈ మెదడు వాటిని చూడటం ఆపేస్తుంది. అది మీ ఓటమి అనుకోకండి. క్యాలెండర్‌ను వేరే గోడకు మార్చండి, పెన్ను రంగు మార్చండి, లైబ్రరీలో టేబుల్ మార్చండి. మార్చుకుంటూ పోవడం ఈ పద్ధతిలో భాగమే.

నిద్ర, డబ్బు, ఫోన్ మీద వేరే అధ్యాయాలే రాయాలి, ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. రాత్రి ఆలస్యంగా నిద్రపట్టడం వీళ్లలో చాలామందికి ఉంది. లేచే వేళను స్థిరంగా ఉంచితే పడుకునే వేళ మెల్లగా దారికొస్తుంది. ఫోన్ ఛార్జర్ గది అవతల పెట్టండి. డబ్బుకు రెండు ఖాతాలు పెట్టుకుని, యూపీఐని చిన్న ఖాతాకే కలపండి. లోన్ యాప్‌ల జోలికి ఒక్కసారి కూడా పోకండి. క్షణంలో నిర్ణయం తీసుకునే స్వభావం మీకుంది, ఆ క్షణం కోసమే ఆ యాప్‌లు కాచుకుని ఉంటాయి.

అమ్మానాన్నలకు

మీ అబ్బాయి చిన్నప్పటి నుంచి మిగతా పిల్లలకన్నా ఎన్నో రెట్లు తిట్లు తిని పెరిగాడు. అందుకే చిన్న మాటకే భగ్గుమంటాడు, లేదా గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. "చదివావా?" అని అడిగితే అబద్ధం చెబుతాడు, ఎందుకంటే నిజం చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. "ఏ సబ్జెక్టు నాన్నా? మొదటి ప్రశ్న ఏది? నేనిక్కడే కూర్చుంటాలే" అని చూడండి. హాస్టల్లో ఉంటే రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి, అతను పుస్తకం తెరిచేదాకా లైనులో ఉండండి. పక్కింటి పిల్లల మార్కులు ఆ ఫోన్‌లో రానివ్వకండి.

ఏడీహెచ్‌డీని అద్భుతశక్తి అని పొగిడేవాళ్లు కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. సెమిస్టర్ పోయిన పిల్లకు అది ఊరట ఇవ్వదు. నిజం ఏమిటంటే ఇది కష్టమైన పరిస్థితే, దానికి వైద్యం ఉంది, మెళకువలున్నాయి. మనుషుల మధ్య తిరిగే పని, ఫలితం వెంటనే కనిపించే పని, రోజుకో రకంగా ఉండే పని దొరికినచోట వీళ్లు బాగా రాణిస్తారు. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతంతో పాటు దీన్ని కూడా చూసుకోవాలి.

చట్టం సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. దాంతోపాటు తరచుగా కనిపించే అభ్యసన వైకల్యం ఉంది. చదవడం, రాయడం, లెక్కల్లో కూడా ఇబ్బంది ఉంటే ఆ పరీక్ష చేయించుకోండి, ధ్రువపత్రం వస్తే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు. అమెరికా చదువులకు వెళ్లేవాళ్లు ఇక్కడి సైకియాట్రిస్టు రిపోర్టు ఇంగ్లిష్‌లో తీసుకెళ్లండి. అక్కడి యూనివర్సిటీల్లో వైకల్య సేవల కార్యాలయం ఉంటుంది, అడిగితే పరీక్షలో అదనపు సమయం ఇస్తారు. మనవాళ్లలో చాలామంది నామోషీ అనుకుని ఆ గది తలుపు తట్టరు. తట్టండి, అది మీ హక్కు.

ఇది చదివి మీ గురించే రాసినట్టు అనిపిస్తే, ఈ ఆదివారం అమ్మను అడిగి పాత ప్రోగ్రెస్ కార్డులు వెతికించండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని, ఒక తేదీ గోడ మీద రాయండి. ఒంటరిగా వెళ్దామనుకుంటే ఆ తేదీ జరిగిపోతుంది. తోడు రమ్మని ఒకరికి ఇప్పుడే ఫోన్ చేయండి.